వినపడలేదని ఊరుకుంటే కుదరదు

(విశాఖపట్నంలో ఫుట్‌బాల్ రిఫరీల శిక్షణ తరగతుల్లో ఒక సీనియర్ రిఫరీ చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరులోనే ఇస్తున్నాం.)

అందరికీ నమస్కారం. పొద్దున్నుంచి హ్యాండ్‌బాల్ మీద, ఆఫ్‌సైడ్ మీద గట్టిగా వాదించుకున్నారు. చాలా సంతోషం. చెయ్యి ఒంటికి ఎంత దూరంలో ఉంటే తప్పు అన్న ఒక్క విషయం మీదే గంట గడిచింది. ఇప్పుడు నేను మాట్లాడబోయే విషయం మీద మాత్రం మన దగ్గర ఎప్పుడూ అంత వాదన జరగదు. ఒక ఆటగాడు ఇంకో ఆటగాణ్ని నోటితో అవమానించినప్పుడు రిఫరీ ఏం చేయాలి? 'ఆటలో ఇవన్నీ మామూలేనండీ' అనేసి ముందుకెళ్లిపోతాం. ఆ మాట మానేయండని అడగడానికే ఇవాళ వచ్చాను.

మన ఊళ్లో ఎవరెవరు ఆడుతున్నారో ఒక్కసారి గుర్తు చేసుకోండి. నేవీ టీము దిగిందంటే మణిపూర్ కుర్రాడు, కేరళ కుర్రాడు, బెంగాల్ కుర్రాడు ఒకే జెర్సీలో కనిపిస్తారు. పోర్టు, రైల్వే, స్టీల్ ప్లాంట్ కాలనీల పిల్లలు ఉన్నారు. ఆంధ్రా యూనివర్సిటీలో చదువుకోవడానికి ఆఫ్రికా దేశాల నుంచి వచ్చినవాళ్లు ఉన్నారు. జాలారిపేట నుంచి, మల్కాపురం నుంచి వచ్చేవాళ్లున్నారు. పాడేరు, అరకు వైపు నుంచి వచ్చి హాస్టళ్లలో ఉంటూ చదువుకునే గిరిజన పిల్లలున్నారు. వాళ్ల పరుగు చూసి మనమే ముచ్చటపడతాం. ఇన్ని కులాలు, ఇన్ని భాషలు, ఇన్ని రంగులు ఒక్క గ్రౌండులో కలిసేది ఫుట్‌బాల్‌లోనే. కోపం వచ్చినప్పుడు మనిషి మొదట వెతుక్కునేది కూడా ఆ తేడానే. బంతి పోయిందన్న కసి వాడి కులం మీదికో, రంగు మీదికో, ఊరి మీదికో వెళ్తుంది.

ముందు రూలు సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే అందులో గందరగోళమేమీ లేదు. ఫుట్‌బాల్ రూళ్లలో పన్నెండోది, అంటే లా 12 ప్రకారం తిట్టడం, అవమానించడం, దూషించడం, అది మాటతోనైనా చేష్టతోనైనా, రెడ్ కార్డు నేరం. ఎదుటి జట్టువాణ్ని అన్నా, సొంత జట్టువాణ్ని అన్నా, మనల్ని అన్నా అంతే. రిఫరీ నిర్ణయం మీద రుసరుసలాడితే ఎల్లో. వెనకనుంచి 'వదిలెయ్ రా, నాది' అని అరిచి ఎదుటివాణ్ని బోల్తా కొట్టిస్తే ఎల్లో. దూషణకు మాత్రం ఎల్లో అన్న మెట్టు లేదు. 'మొదటిసారి కదా, ఎల్లోతో సరిపెడదాం' అన్నది మనం మన సౌకర్యం కోసం కల్పించుకున్నది. బంతి ఆటలో ఉండగా జరిగితే ఆట తిరిగి మొదలయ్యేది ఇన్‌డైరెక్ట్ ఫ్రీకిక్‌తో, అంటే నేరుగా గోల్ కొట్టడానికి వీల్లేని కిక్‌తో. పెనాల్టీ ఏరియాలో డిఫెండర్ తిట్టాడు కాబట్టి పెనాల్టీ ఇవ్వమని మీ చుట్టూ చేరతారు, ఇవ్వకండి. నోటి మాటతో చేసిన నేరం దేనికైనా ఇన్‌డైరెక్టే. కోచ్‌లకు, బెంచీ మీద ఉన్న సిబ్బందికి కూడా 2019 నుంచి కార్డు చూపించవచ్చు. ఇదంతా మీకు తెలుసు. తెలిసినా జేబులోంచి కార్డు రాదు. ఎందుకు రాదు అన్నదే మన సమస్య.

ఒక కారణం, మన గ్రౌండులో బూతు గాలిలా తిరుగుతూ ఉంటుంది. అది నేను కాదనను. ఖాళీ గోల్ ముందు బంతి పైకి కొట్టేసి, నెత్తి బాదుకుంటూ తనను తానే ఒక మాట అనుకున్న కుర్రాడికి రెడ్ చూపిస్తే హాఫ్‌టైంకి ఇరువైపులా జట్లు మిగలవు. వాడి పక్కన పరిగెత్తుతూ 'నోరు జాగ్రత్త తమ్ముడూ' అంటే చాలు. మరీ గ్యాలరీ అంతా వినపడేలా అంటే ఆట గౌరవం తీసినందుకు ఎల్లో ఇవ్వొచ్చు. ఇక్కడ మీ విచక్షణకు చోటుంది. వాడు ఎవరివైపు తిరిగి అన్నాడు, ఎదుటివాడి ముఖం ఎలా మారింది, ఆట వేడిలో జారిందా, కావాలని దగ్గరికెళ్లి మరీ అన్నాడా, ఇవన్నీ చూసుకోండి. అనుభవం పనికొచ్చేది అక్కడే.

కులం పేరు వచ్చిందనుకోండి, గిరిజనుడన్న హేళన వచ్చిందనుకోండి, ఒంటి రంగు, కళ్ల తీరు, మతం, పుట్టిన రాష్ట్రం వచ్చాయనుకోండి, ఇక ఆ విచక్షణ అక్కడితో ఆగిపోవాలి. ఎంత గట్టిగా అన్నాడు, నవ్వుతూ అన్నాడా, ఎన్నోసారి అన్న లెక్కలేవీ పనికిరావు. 'సరదాకన్నాను సార్, ఆడు నా ఫ్రెండే' అంటాడు. ఫ్రెండైనా సరే, రెడ్ కార్డే. 'గాజులు తొడుక్కో' అనే మాటను మనం తిట్టు కింద కూడా లెక్కేయం. ఆడపిల్లల మ్యాచ్‌లు వేయడం మొదలుపెట్టాక నాకు ఆ మాట వేరేగా వినిపిస్తోంది. గ్రౌండు పక్కన బూట్లు కట్టుకుంటూ తమ మ్యాచ్ కోసం కూర్చున్న అమ్మాయిలు, ముందు మ్యాచ్‌లో మగపిల్లలు ఆ మాట అనుకుంటుంటే వింటున్నారు. 'నువ్వు ఆడదానివి' అనడమే తిట్టుగా చెలామణీ అయ్యే చోటికి వాళ్లు ఆడటానికి వస్తున్నారు. అబ్బాయిలా ఉందని, నడవడిక మంచిది కాదని ఆ అమ్మాయిలను అనే మాటలైతే నేను ఇక్కడ చెప్పలేను. ఆ మాటలకు కూడా ఇదే రూలు, ఇదే కార్డు.

రెండో కారణం అసలైనది. వినపడదు. మనం బంతి వెంట ఉంటాం, తిట్టు ఎక్కడో ముప్పై గజాల వెనక పడుతుంది. నేవీ కుర్రాడు మలయాళంలో ఏదో అంటాడు, మనకు అర్థం కాదు. తెలివైనవాడు చెవిలో అంటాడు. 2021 మార్చిలో గ్లాస్గోలో రేంజర్స్‌కీ స్లావియా ప్రాగ్‌కీ యూరోపా లీగ్ మ్యాచ్ జరుగుతోంది. స్లావియా డిఫెండర్ ఒండ్రెజ్ కుడేలా నడుచుకుంటూ వెళ్లి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, రేంజర్స్ ఆటగాడు గ్లెన్ కమారా చెవిలో ఏదో అన్నాడు. కమారా ఒక్కసారిగా భగ్గుమన్నాడు. ఇన్ని కెమెరాల మధ్య జరిగినా ఆ మాట ఏ మైకులోనూ పడలేదు. అయినా విచారణ జరిగింది, జాతి దూషణ కింద కుడేలాకు 10 మ్యాచ్‌ల నిషేధం పడింది. అక్కడ ఉన్న సదుపాయాలు మనకు లేవంటారా? మాట విషయంలో వాళ్లకూ లేవు. వీఏఆర్, అంటే వీడియో చూసి రిఫరీకి సాయపడే పద్ధతి, దాని రూలు చూడండి. అవమానకరమైన చేష్టను వీడియోలో చూసి రెడ్ ఇవ్వొచ్చని ఉంది, మాట సంగతి అందులో లేదు. మాట దగ్గరికొచ్చేసరికి పారిస్‌లో రిఫరీ అయినా మన పోర్టు స్టేడియంలో రిఫరీ అయినా ఒకటే. ఉన్నవి రెండు చెవులు, ఒక నోట్‌బుక్కు.

ఆ నోట్‌బుక్కు గురించి చెప్పాలి. నేను పరిశీలకుడిగా కూర్చున్న ఒక కాలేజీ టోర్నమెంటులో జరిగింది. పదకొండో నంబరు కుర్రాడు మన్యం నుంచి వచ్చినవాడు, లెఫ్ట్ వింగ్‌లో ఎదుటి డిఫెండర్‌ను మాటిమాటికీ దాటేస్తున్నాడు. ఉన్నట్టుండి ఆట వదిలేసి రిఫరీ దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. 'సార్, ఆడు నన్ను జాతి పేరెట్టి తిట్టాడు సార్.' రిఫరీ వయసులో చిన్నవాడు, మీలాంటివాడే. బంతి త్రోకి పోగానే విజిల్ వేసి ఆట ఆపాడు. కుర్రాణ్ని మిగతావాళ్ల నుంచి నాలుగడుగులు పక్కకు తీసుకెళ్లి, అతని ముఖంలోకి చూస్తూ, 'ఏమన్నాడో ఉన్నదున్నట్టు చెప్పు' అన్నాడు. కుర్రాడు చెప్పడానికి సిగ్గుపడ్డాడు. ఇతను తొందరపెట్టలేదు. చెప్పిన మాటను చెప్పినట్టే రాసుకున్నాడు, ఎన్నో నిమిషమో రాసుకున్నాడు, దగ్గర్లో ఎవరెవరున్నారో నంబర్లు రాసుకున్నాడు. ఆ వైపున్న అసిస్టెంట్ రిఫరీని అడిగాడు. అతనికీ వినపడలేదు. అప్పుడు ఇద్దరు కెప్టెన్లనూ, ఆ నాలుగో నంబరు డిఫెండర్‌నూ పిలిచి, 'నేను వినలేదు కాబట్టి కార్డు చూపించడం లేదు. ఫిర్యాదు మాత్రం రాసుకున్నాను, రిపోర్టులో వెళ్తుంది. ఇప్పట్నుంచి నేను వింటూ ఉంటాను' అన్నాడు. ఇదంతా కలిపి రెండు నిమిషాలు పట్టింది. ఆ తర్వాత ఆట ఎటు పోతున్నా ఆ ఇద్దరూ తన కంటికి అందే దూరంలో ఉండేలా తిరిగాడు.

మ్యాచ్ అయ్యాక ఆ డిఫెండర్ జట్టులోంచే ఒక కుర్రాడు రిఫరీ గది దగ్గరికి వచ్చాడు. 'నేను విన్నాను సార్, రాసుకోండి' అన్నాడు. సొంత జట్టువాడి మీద సాక్ష్యం చెప్పడానికి ఆ వయసులో ఎంత ధైర్యం కావాలో మీకు తెలుసు. రిఫరీ మధ్యలోనే రాసుకున్నాడు కాబట్టి, చెబితే వినేవాడు ఒకడున్నాడని ఆ కుర్రాడికి నమ్మకం కలిగింది. టోర్నమెంటు కమిటీ విచారించి డిఫెండర్‌ను మిగతా మ్యాచ్‌లకు పక్కన పెట్టింది.

అప్పటికప్పుడు రాసుకున్నది ఎంత పనికొస్తుందో పెద్ద ఉదాహరణే ఉంది. 2011 అక్టోబరులో ఆన్‌ఫీల్డ్‌లో లివర్‌పూల్, మాంచెస్టర్ యునైటెడ్ మ్యాచ్ అయ్యాక యునైటెడ్ ఆటగాడు పాట్రిస్ ఎవ్రా తన మేనేజర్‌ను వెంటబెట్టుకుని రిఫరీ గదికి వెళ్లి, లివర్‌పూల్ ఆటగాడు లూయిస్ సువారెజ్ తన రంగు గురించి అన్న మాటలు చెప్పాడు. ఫోర్త్ అఫీషియల్, అంటే టచ్‌లైన్ బయట ఉండి రిఫరీకి సాయపడే అధికారి, అక్కడికక్కడే రాసుకున్నాడు. తర్వాత విచారణలో ఎవరేమన్నారన్నదాని మీద ఒక్కో మాటకూ వాదన నడిచింది. చివరికి సువారెజ్‌కు 8 మ్యాచ్‌ల నిషేధం, 40 వేల పౌండ్ల జరిమానా. మాట చుట్టూ కేసు నడిచేటప్పుడు మొదటి గంటలో కాగితం మీదికెక్కినదానికి ఉన్న బలం నెల తర్వాత గుర్తు చేసుకుని చెప్పినదానికి ఉండదు.

ఇంకో మ్యాచ్ కూడా చూశాను. అక్కడా ఇలాగే ఒక పిల్లాడు ఫిర్యాదు చేశాడు. రిఫరీ 'లైట్ తీస్కో, ఆడుకో' అని వీపు తట్టి పంపించాడు. కాసేపటికి అదే పిల్లాడు తిట్టినవాడి ముఖం మీద మోచేత్తో కొట్టాడు. రెడ్ కార్డు, నిషేధం, అన్నీ ఆ పిల్లాడికే. రిపోర్టులో మోచేయి ఒక్కటే ఉంది. అంతకుముందు జరిగినది ఎక్కడా లేదు. తిట్టినవాడు తర్వాతి మ్యాచ్ హాయిగా ఆడాడు.

కొట్టినవాణ్ని వదిలేయమని నేను అనడం లేదు. ఎవరు రెచ్చగొట్టినా చెయ్యి లేస్తే రెడ్ కార్డు తప్పదు. కమారాకు కూడా ఆ తర్వాత చేసిన దాడికి 3 మ్యాచ్‌ల నిషేధం పడింది. 2006 ప్రపంచకప్ ఫైనల్ మీ అందరికీ గుర్తే. ఫ్రాన్స్ ఆటగాడు జిదాన్ తలతో ఇటలీ ఆటగాడు మాటెరాజీ ఛాతీ మీద గుద్దాడు, రిఫరీ ఎలిజోండో రెడ్ చూపించాడు. మాటెరాజీ ఏమన్నాడో రిఫరీకి వినపడలేదు కాబట్టి ఆ రోజు అతనికి కార్డు లేదు. తర్వాత ఫిఫా ఇద్దర్నీ పిలిచి విచారించింది. జిదాన్‌కు 3 మ్యాచ్‌లు, మాటెరాజీకి 2 మ్యాచ్‌ల నిషేధం వేసింది. అక్కడ ప్రపంచమంతా చూసింది కాబట్టి రెచ్చగొట్టిన మాట మీద కూడా విచారణ జరిగింది. మన ఇందిరా ప్రియదర్శిని స్టేడియంలో మధ్యాహ్నం రెండింటికి జరిగే లీగ్ మ్యాచ్‌ను ఎవరు చూస్తారు? మీరు రాస్తే ఉంటుంది, రాయకపోతే జరగనట్టే.

ఎలా రాయాలి? 'అసభ్య పదజాలం వాడాడు' అని రాయకండి. దానివల్ల కమిటీకి ఏమీ తెలియదు. అన్న మాటను అన్న భాషలోనే, ఉన్నదున్నట్టు రాయండి. రాయడానికి మీకు చెయ్యి రాదు, నాకు తెలుసు. ఆ పిల్లాడు దాన్ని నలుగురి మధ్య విన్నాడు, మనం గదిలో కూర్చుని రాయలేమా? మీరు స్వయంగా విన్నదైతే 'నేను విన్నాను' అని రాయండి. ఫిర్యాదైతే 'ఫలానా నంబరు ఆటగాడు నాతో ఇలా చెప్పాడు' అని రాయండి. ఈ రెండింటినీ ఎప్పుడూ కలపకండి. భాష రాకపోతే, చెప్పినవాణ్ని మళ్లీ పలకమని అడిగి, ఆ శబ్దం తెలుగు అక్షరాల్లో రాసుకోండి. చేష్టలను కూడా వదలకండి. 2023 సెప్టెంబరులో కొచ్చిలో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) మ్యాచ్‌లో మేఘాలయ ఆటగాడు ఐబాన్ డోలింగ్ వైపు చూస్తూ బెంగళూరు ఆటగాడొకరు ముక్కు మూసుకున్నట్టు చేశాడని, అది జాతి వివక్షేనని డోలింగ్ జట్టు కేరళ బ్లాస్టర్స్ బహిరంగంగా ఫిర్యాదు చేసింది. అలాంటి చేష్టకు భాష అడ్డం కాదు. కళ్లుంటే చాలు, చూసింది చూసినట్టు రాయవచ్చు.

ఇప్పుడు మన గురించి. 2020 డిసెంబరు 8న పారిస్‌లో పీఎస్‌జీ, బషక్‌షెహిర్ చాంపియన్స్ లీగ్ మ్యాచ్ పావుగంట కూడా కాకుండానే ఆగిపోయింది. అక్కడ నోరు జారినది ఆటగాడు కాదు, ఫోర్త్ అఫీషియల్. బెంచీ మీద ఎవరికి కార్డు ఇవ్వాలో రిఫరీకి చెబుతూ, బషక్‌షెహిర్ అసిస్టెంట్ కోచ్ పియర్ వెబోను ఒంటి రంగుతో గుర్తు చెప్పాడు. తెల్లవాళ్లను చెప్పేటప్పుడు 'ఆ మనిషి' అనేవాళ్లు మా దగ్గరికొచ్చేసరికి రంగు ఎందుకు చెబుతారని బషక్‌షెహిర్ ఆటగాడు డెంబా బా అక్కడే నిలదీశాడు. రెండు జట్లూ మైదానం వదిలి వెళ్లిపోయాయి. మర్నాడు వేరే రిఫరీలతో ఆట కొనసాగించారు. ఆ అధికారిని సీజన్ చివరిదాకా పక్కన పెట్టారు. మనం వాకీటాకీలో, టచ్‌లైన్ మీద ఒకరికొకరం ఎలా చెప్పుకుంటాం? 'ఆ నల్లోడు', 'ఆ ఏజెన్సీ కుర్రాడు', 'ఆ నేపాలీ ముఖం'. మణిపూర్ కుర్రాణ్ని నేపాలీ అనడం నేను మన వాళ్ల నోటే విన్నాను. వీపు మీద నంబరుంది కదా, నంబరు చెప్పండి. బెంచీ మీద నంబరు లేకపోతే ఎడమ నుంచి ఎన్నో కుర్చీయో చెప్పండి, వేసుకున్న టోపీ చెప్పండి. మనమే అలా పిలిస్తే, రేపు ఆ కుర్రాడు ఫిర్యాదు పట్టుకుని మన దగ్గరికి ఏ ముఖంతో వస్తాడు?

ఇక కులం పేరుతో దూషణ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే మన దేశంలో అది గ్రౌండుతో ఆగదు. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద, పది మంది చూసే చోట ఎస్సీనో ఎస్టీనో కులం పేరుతో దూషిస్తే అది నేరం. పది మంది చూసే చోటంటే ఫుట్‌బాల్ గ్రౌండు కంటే ఇంకేం కావాలి? మనం పోలీసులం కాదు, జడ్జీలం కాదు. కేసు అవుతుందా కాదా అన్నది మన పని కాదు. తిట్టు తిన్నవాడు ఫిర్యాదు చేస్తానంటే వద్దని చెప్పే హక్కు కూడా మనకు లేదు. మన పని రిపోర్టు. ఇంగ్లండ్‌లో 2012లో ఫుట్‌బాల్ ఆటగాడు జాన్ టెర్రీ మీద జాతి దూషణ కేసును కోర్టు కొట్టేసింది, అదే విషయంలో ఫుట్‌బాల్ సంఘం 4 మ్యాచ్‌ల నిషేధం వేసింది. కోర్టుకు కావలసిన రుజువు వేరు, ఆట సంఘానికి కావలసిన రుజువు వేరు. రెండు చోట్లా మన కాగితమే మొదట అడుగుతారు.

మీ మీద ఒత్తిడి వచ్చేది కూడా ఇక్కడే. మ్యాచ్ అవగానే నిర్వాహకులు వస్తారు, కోచ్ వస్తాడు, ఒక్కోసారి ఊరి పెద్దమనిషి కూడా వస్తాడు. 'పిల్లలండీ, భవిష్యత్తు పాడవుద్ది, సారీ చెప్పించేద్దాం, షేక్‌హ్యాండ్ ఇచ్చుకుంటారు, రిపోర్టులో ఎందుకు?' అంటారు. అందరూ కలిసి ఆ తిట్టు తిన్న పిల్లాణ్ని మధ్యలో నిలబెట్టి, 'పోనీలే రా' అనిపిస్తారు. వాడు ఇంతమంది పెద్దవాళ్ల ముందు కాదనగలడా? ఆ రాజీ మీ గదిలో జరగనివ్వకండి. సారీ చెప్పాలనుకున్నవాడు చెప్పుకోనీ, మంచిదే, ఆ సంగతి కూడా రిపోర్టులో రాయండి. రిపోర్టు మాత్రం ఆగకూడదు. భవిష్యత్తు గురించి ఎవరు మాట్లాడినా, మన్యం నుంచి వచ్చిన ఆ కుర్రాడు వచ్చే ఏడాది బూట్లు కట్టుకుంటాడా లేదా అన్నది కూడా భవిష్యత్తేనని గుర్తు చేయండి.

గ్యాలరీలోంచి వచ్చే అరుపులకు పద్ధతి వేరు, అది రేపటి క్లాసులో ఉంది. క్లుప్తంగా చెబితే మొదట ఆట ఆపి మైకులో చెప్పించడం, ఆగకపోతే జట్లను కాసేపు లోపలికి తీసుకెళ్లడం, అప్పటికీ ఆగకపోతే మ్యాచ్ రద్దు. 2024 మే నెలలో ఫిఫా రెండు చేతుల మణికట్లు ఒకదాని మీద ఒకటి అడ్డంగా పెట్టి చూపించే సైగను కూడా తెచ్చింది. ఆటగాడు అలా చూపిస్తే జాతి వివక్ష మీద ఫిర్యాదు చేస్తున్నాడని అర్థం. దాన్ని మీ మ్యాచ్‌లలో ఆటగాళ్లకు ముందే చెప్పండి. అందరి ముందూ ఆ మాట నోటితో మళ్లీ పలకలేని పిల్లాడికి అది పెద్ద ఆసరా.

టాస్ వేసేటప్పుడు కెప్టెన్లతో నేను చెప్పే మాట కూడా వినండి. 'ఆట గట్టిగా ఆడండి, నాతో మాట్లాడాలంటే మీరిద్దరే రండి. కులం, రంగు, మతం, ఆడ, మగ అంటూ ఎవరి నోటి నుంచి మాట వచ్చినా వార్నింగ్ ఉండదు. మీ వాళ్లను ఎవరైనా అంటే నాకు చెప్పండి, రాసుకుంటాను.' అర నిమిషం కూడా పట్టదు. హిందీ వాళ్లుంటే హిందీలో కూడా చెప్పండి. చెప్పాక ఇక వెనక్కి తగ్గకండి. మొదటి మ్యాచ్‌లోనే రెడ్ చూపించాల్సి వస్తే చూపించండి. జట్టు పది మందితో ఆడాల్సి వస్తుందని, ఫైనల్ అని, పెద్ద టీమని చూడకండి.

టీ తాగి వచ్చాక రిపోర్టు ఫారాలు ఇస్తాను. మూడు సందర్భాలు చదువుతాను. ఒకదాంట్లో మీరు విన్నారు, ఒకదాంట్లో అసిస్టెంట్ విన్నాడు, ఒకదాంట్లో ఎవరూ వినలేదు. మూడింటికీ రిపోర్టు రాసి, పేరు లేకుండా నాకివ్వండి. ఒక్కొక్కటీ పైకి చదివి, కమిటీలో కూర్చున్నవాడు దాన్ని చూసి ఏ నిర్ణయానికి రాగలడో అందరం కలిసి చూద్దాం.